గోడ మార్చిన ఉగాది

పోయిన వారం విజయనగరం నుంచి ఒకావిడ ఫోన్ చేసి, తమ వృద్ధాశ్రమంలో వసంత వినోద కార్యక్రమాలు పెడుతున్నామనీ, ఎవరి పెళ్ళిలోనో నా వ్యాఖ్యానం విన్నామనీ, అలాగే వచ్చి పెద్దవాళ్ళని కూడా ఒక పూట నవ్వించి వెళ్ళమనీ అడిగింది. నవ్వించడం నా వృత్తి. మగపెళ్ళివారికి ఐస్‌క్రీం చాలకపోయినా, పురోహితుడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా, మైకు పట్టుకుని జనాన్ని కుర్చీల్లోంచి లేవకుండా చూసుకోగలను. సరేనన్నాను. ఆవిడ ఆటల జాబితా వాట్సాప్‌లో పంపింది. చెంచాలో నిమ్మకాయ, బకెట్లో బంతి, పాత పాటల పోటీ, నాలుగోది కళ్ళకు గంతలు కట్టి బొమ్మకి బొట్టు పెట్టడం. ఆ నాలుగోది తీసేస్తేనే వస్తానన్నాను. అదేమిటండీ, అన్నింటికన్నా అదే బాగుంటుంది, అందరూ తెగ నవ్వుతారు అందావిడ. నిజమే, నవ్వుతారు.

ముప్పై నాలుగేళ్ళకే జ్ఞాపకాలు రాయడానికి కూర్చున్నవాణ్ణి చూసి మీరూ నవ్వచ్చు. మోకాళ్ళు నొప్పెట్టే వయసుదాకా ఆగి రాసేవాళ్ళు తాము చేసిన వెధవ పనుల్లో సగం మరిచిపోయి, మిగతా సగం పక్కవాడి మీద పెట్టి రాస్తారు. నాకింకా అన్నీ గుర్తున్నాయి, అందుకే ఈ తొందర.

డిగ్రీ ఎలాగో గట్టెక్కి, ఇంట్లో మంచం అరగదీస్తున్న రోజుల్లో అమ్మ పోరు పడలేక మా మావయ్య, అంటే అమ్మకి సొంత అన్నగారు, నాకోసం ఒక ఉద్యోగం పుట్టించాడు. ఆయన అరసవల్లి శివార్లలో ఒక చిన్న వృద్ధాశ్రమానికి మేనేజరు. ముసలివాళ్ళని ఊరికే కూర్చోబెడితే తొందరగా మంచాన పడతారట, ఆటలాడించాలట అని కమిటీ పెద్దలు ఎక్కడో విని వచ్చి చెప్పారు. దాంతో నేను వినోద కార్యక్రమాల పర్యవేక్షకుణ్ణయ్యాను. పేరు పొడుగ్గా ఉందంటే పని లేదని అర్థం, అయినా మా అమ్మ వీధంతా చెప్పుకుంది.

మంచాన పడకూడదనడానికి కారణం ఉంది. ఆ ఆశ్రమంలో ఒక నిబంధన ఉండేది. ఎవరి పని వాళ్ళు చేసుకోగలిగినంత కాలమే అక్కడ ఉండాలి. స్నానం చేయడం, అన్నం తినడం, దొడ్డికి వెళ్ళి రావడం, తన మంచం తాను కనుక్కోవడం, ఇందులో ఏది తప్పినా బంధువులకి కబురు వెళ్ళేది. వాళ్ళు రాకపోతే మావయ్యే తీసుకెళ్ళి ఇంటి గుమ్మంలో దిగబెట్టి వచ్చేవాడు. నర్సు లేదు, ఎత్తి కూర్చోబెట్టడానికి మనుషులు లేరు, అందుకని ఆ నిబంధన. న్యాయమైనదే. న్యాయమైన వాటితో చిక్కల్లా ఎవరినీ తిట్టడానికి వీలుండకపోవడమే.

ఉన్న ఇరవై రెండు మందిలో ఒకావిడని అందరూ పాతపట్నం అప్ప అనేవారు. మా వైపు అప్ప అంటే అక్క. వరీ, చోళ్ళూ, అంటే రాగులు, పండించిన ఇంటి మనిషి. పిల్లల్లేరు. భర్త పోయాక భూమి మరిది కొడుక్కి రాసిచ్చింది. రాసిచ్చిన ఏడాది తిరిగేసరికి ఆమె పడక ఇంట్లోంచి వసారాలోకీ, వసారాలోంచి పశువుల పాకలోకీ జరిగింది. పాకలోంచి ఇంక ఎటూ జరగడానికి లేక ఎవరో పుణ్యం కట్టుకుని మా దగ్గర చేర్చారు. ఆమె కళ్ళకి నీటికాసులు. శుక్లాలయితే ఆపరేషను చేసి తీసేద్దురు, ఇది నరం ఎండిపోయే జబ్బు, పోయిన చూపు తిరిగి రాదు. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆమెకి వెలుగుకీ చీకటికీ తేడా తప్ప మరేమీ తెలియడం లేదు. అది బయటపడితే మళ్ళీ మరిది కొడుకు పాకే గతి. ఇదంతా మీకు ముందే చెప్పేస్తున్నాను. నాకు ముందు ఎవరూ చెప్పలేదు, ఆ అవస్థ మీకెందుకు.

ఆశ్రమంలో అప్ప ఈ సంగతి చెప్పుకున్న మనిషి ఒక్కర్తే, పక్క మంచం ఆవిడ. సముద్రం ఒడ్డు ఊరు, యాభై ఏళ్ళు తలమీద తట్ట పెట్టుకుని చేపలమ్మిన మనిషి. ఆవిడ గొంతు విప్పితే గేటు అవతల ఆటోవాడు హారన్ ఆపి వినేవాడు. అప్ప ఆవిడని చెల్లీ అని పిలిచేది గానీ ఆ పిలుపులో ప్రేమ ఏ మూలా కనిపించేది కాదు. ఇద్దరికీ క్షణం పడదని అందరం అనుకునేవాళ్ళం. తెల్లవారింది మొదలు చెల్లి అప్ప మీద అరుస్తూనే ఉండేది.

"ఒసే అప్పా, ఏటే ఆ నడక? ఎడం పక్కన బకెట్టున్నాది, దాన్ని తన్నీసి మళ్ళీ నన్నంటావు!"

"నీ ఇల్లు బంగారం గానూ, నన్ను నడవనియ్యే ముందు."

"కంచంలో కుడి పక్కన పచ్చడున్నాది, అంతా ఒక్కపాలి కలిపీకు. తిండి తినడం కూడా రాదు ముండకి!"

నేను వాళ్ళిద్దరికీ ఆకాశవాణి అని పేరు పెట్టాను. ఆ తిట్లలో ఎడమో, కుడో, ముందో, వెనకో లేని తిట్టు ఒక్కటి కూడా లేదని నాకు తట్టలేదు. ఎదుటివాళ్ళ మాటల్లో హాస్యం ఎక్కడుందా అని వెతికేవాడికి మిగతాది చెవిన పడదు.

మావయ్య నాకొక పొడుగాటి పుస్తకం ఇచ్చి, రోజూ ఎవరు ఎలా ఆడారో రాయమన్నాడు. చివరి గడి రిమార్కులు. ఆ గడి చూడగానే నాలో రచయిత నిద్ర లేచాడు. బస్సు కండక్టరుగా రిటైరైన తాత పరుగు పందెంలో సగంలో ఆగిపోతే, స్టేజీ రాకముందే దిగిపోయారు అని రాశాను. నిమ్మకాయ చెంచా ఆటలో చేతులు వణికిన ఇంకో తాత పేరు పక్కన, నిమ్మకాయ చేత భరతనాట్యం ఆడించారు అని రాశాను. సాయంత్రం వంటమనిషికి చదివి వినిపిస్తే ఆవిడ గరిటె కింద పెట్టి మరీ నవ్వేది. మావయ్య మాత్రం నవ్వకుండా చదివి, మాట్లాడకుండా సంతకం పెట్టేవాడు. పాపం, ఆయనకి హాస్యం పట్టదనుకున్నాను.

భరతనాట్యం తాతని నెల తిరక్కుండా కూతురొచ్చి తీసుకుపోయింది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళడం లేదని కమిటీ వాళ్ళే చూశారట. అయినా మిగతావాళ్ళు కమిటీని వదిలేసి నా పుస్తకం వైపే చూడడం మొదలుపెట్టారు. మర్నాటి నుంచి నా ఆటలకి ఎంత మంది, ఎంత శ్రద్ధ! పిలవకముందే వరసగా కూర్చునేవారు. ఒకాయన తెల్లవారకుండానే వరండాలో చెంచా పట్టుకుని సాధన చేసేవాడు. నేనది నా ప్రతిభ అనుకుని, జీతం పెంచమని మావయ్యని అడిగాను కూడా.

మార్చిలో రెండు మూడు రోజులు పొద్దు పొడవగానే కిరణాలు అరసవల్లి సూర్యదేవుడి గుడి లోపలిదాకా వచ్చి స్వామి పాదాలు తాకుతాయి కదా, ఆ ఏడు నడవగలిగినవాళ్ళని అది చూడడానికి తీసుకెళ్ళాను. అదీ వసంత వినోదం కిందే వేశాను, గుడి దగ్గరే, ఖర్చులేని పని. తీరా వెళితే మబ్బు. గంటన్నర నిలబడి, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుని, ఏమీ కనబడక గొణుక్కుంటూ తిరిగొచ్చారు. ఇడ్లీల దగ్గర అప్పని అడిగాను, ఎలా ఉంది దర్శనం అని.

"బంగారం పోసినట్టున్నాది బావూ! స్వామి పాదాల మీద ఎర్రగా, అలాగ పడినాది. కడుపు నిండిపోనాది."

కండక్టరు తాత ఇడ్లీ చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "మబ్బు పట్టీసింది కదే అప్పా, నీకెలాగ కనబడింది?"

చేపల చెల్లి గ్లాసు ఠంగున బల్లకేసి కొట్టింది. "నాకూ కనబడింది. పాపిష్టోళ్ళకి కనబడదట. నీకు కనబడలేదేటి?"

తాత ఆలోచించాడు. ఆలోచించి, ఒక్క మెరుపులాగ తనకీ కనబడినట్టే ఉందన్నాడు. టిఫిను ముగిసేసరికి ఇంకో అయిదుగురికి కనబడింది. ఆ సాయంత్రం పుస్తకంలో, పాతపట్నం అప్పకి మబ్బులోంచి కూడా కనబడును, చూపు అమోఘం అని రాసుకున్నాను. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే కింద గీత కూడా గీశాను.

ఉగాది నాడు కమిటీ పెద్దలు ముగ్గురు వచ్చారు. హాల్లో ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు, వాళ్ళ చేతుల్లో బాదం పాలు. పాటలయ్యాయి, బంతాటయ్యింది. బొట్టాట చివరికి ఉంచాను. ఉత్తరం గోడకి మేకు కొట్టి, నేనే గీసిన ఆడబొమ్మ అట్ట వేలాడదీశాను. పొద్దున్నే తగిలించి, అందరూ ఒకసారి వచ్చి చూసుకోవచ్చన్నాను. అప్పా, చెల్లీ అక్కడే తచ్చాడుతూ తిట్టుకోవడం చూశాను గానీ, ఆకాశవాణి ప్రసారాలు మామూలేగా.

ఆడవాళ్ళు ముందు మూతి ముడిచారు. "మేం బొట్టెట్టుకోడం మానీసి ఇరవయ్యేళ్ళయినాది, ఇప్పుడు గోడకెట్టమంటన్నాడు గుంటడు," అని ఒకావిడ అంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. పద్ధెనిమిది మంది విధవరాళ్ళున్న చోట బొట్టాట పెట్టిన ఘనుణ్ణి నేనే. నాలుక కరుచుకుని, ఇది కుంకం కాదు, స్టిక్కరే కదా అని సర్దిచెప్పాను. స్టిక్కరైతే పరవాలేదని తేల్చారు.

కళ్ళకి తువ్వాలు కట్టి ఒక్కొక్కరినీ వదిలాను. ఒకరు బొమ్మ చెవికి పెట్టారు, ఒకరు గెడ్డానికి. కండక్టరు తాత నేరుగా వెళ్ళి ఫ్యాను స్విచ్చికి పెట్టి, చప్పట్లు రాకపోయేసరికి రెగ్యులేటరుకి కూడా పెట్టాడు. కమిటీ పెద్దలు బాదం పాలు పొలమారేలా నవ్వారు. అప్పుడు అప్ప వంతు వచ్చింది. తువ్వాలు కట్టాను. ఆమె చేయి చాచను కూడా చాచకుండా, తూలకుండా, పదకొండడుగులు వేసి, చేయెత్తి, సరిగ్గా కనుబొమల మధ్య అంటించింది.

"సూసీసి పెడతన్నాది! కుడి పక్కకెల్పోతన్నాది సూడండి, దొంగముండ!" అని చెల్లి దారిపొడుగునా అరుస్తూనే ఉంది. ఆ అరుపు వింటూనే అప్ప అరడుగు ఎడమకి జరిగింది. నేను అరుపుని నమ్మాను, జరగడాన్ని చూడలేదు. తువ్వాలు కిందనుంచి తొంగి చూస్తోందని ఖాయం చేసుకుని, రెండు మడతలు వేసి కట్టి మళ్ళీ పంపాను. మళ్ళీ అక్కడే అంటించింది. హాలంతా చప్పట్లు. అప్ప ముఖం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

అక్కడితో ఆపి బహుమతి ఇచ్చేసి ఉంటే ఈ జ్ఞాపకం రాసే పనే ఉండేది కాదు. కానీ నాకు దొంగని పట్టుకోవాలనిపించింది. చెల్లి అరుపులు ఆట పాడుచేస్తున్నాయని, వంటింట్లోంచి ఉగాది పచ్చడి గ్లాసులు తెమ్మని ఆమెని పంపించేశాను. ఆమె వెళ్ళనంది. కమిటీ వారికి నువ్వే ఇవ్వాలి అని బతిమాలాను. అప్ప వైపు రెండు మూడుసార్లు చూసి వెళ్ళింది. అప్పకి మూడోసారి తువ్వాలు కట్టాను. నోటిమీద వేలు పెట్టి అందరికీ సైగ చేసి, చప్పుడు కాకుండా అట్ట తీసి దక్షిణం గోడకి తగిలించాను. ఈసారి ఇటు నడిచిందా, చూస్తోందన్నమాట. అదీ నా తెలివి.

అప్ప ఇటు నడవలేదు. ఉత్తరం గోడకే బయల్దేరింది. అయ్యో, ఆవిడ నిజాయితీపరురాలే పాపం అనుకుని, సగం దారిలో నేనే వెనకనుంచి వెళ్ళి తువ్వాలు లాగేశాను. ఇక చూసుకుని, గోడ ఖాళీగా ఉండడం చూసి, నన్ను నాలుగు తిట్టి, అందరితో పాటు నవ్వేస్తుంది అనుకున్నాను.

"ఇంకేం, ఇప్పుడు పెట్టు అప్పా!" అన్నాను.

ఆమె కళ్ళు బార్లా తెరుచుకుని నడిచింది. ఆరు, ఏడు, ఎనిమిది. పదకొండో అడుగుకి ఖాళీ గోడ ముందు ఆగింది. చేయెత్తి, అట్ట ఉన్నప్పుడు ఎంత ఎత్తులో పెట్టిందో సరిగ్గా అంత ఎత్తులో, సున్నం మీద, బొట్టు అంటించి వేలితో అదిమింది. జనం ముందు నవ్వారు. నాటకమాడుతోందనుకున్నారు. తరవాత నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది. అప్ప ఇటు తిరిగి, చప్పట్లు ఎందుకు పడలేదో అర్థం కాక, మా అందరికీ కొంచెం పక్కగా చూస్తూ నవ్వుతోంది.

"సరిగ్గా పడినాదా?" అని అడిగింది.

గుమ్మంలో పళ్ళెం పట్టుకుని చెల్లి నిలబడి ఉంది. ఈ గోడా ఆ గోడా చూసింది.

"పడినాదే అప్పా," అంది. "సరిగ్గానే పడినాది."

ఆవిడ నోటివెంట తిట్టు లేని మాట నేను వినడం అదే మొదలు. కమిటీ పెద్ద ఒకాయన బాదం పాలు కింద పెట్టి మా మావయ్య వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నం మావయ్య గదిలోకి వెళ్ళి, ఆవిడని ఉంచేద్దాం మావయ్యా, నేను చూసుకుంటాను అన్నాను. నన్ను చూసుకోవడానికే మా అమ్మకి ఒక మనిషి కావలసి వస్తోంది. ఆయన నా పుస్తకం తెరిచి, పేజీలు తిప్పుతూ నా వాక్యాలు నాకే చదివి వినిపించాడు. బకెట్టుని తన్నిరి, గోలు. మబ్బులోంచి కూడా కనబడును. ఉగాది పచ్చడికి వేపపువ్వు వదిలి పుల్లలు ఏరిరి. అన్నీ అప్ప గురించినవే. ఆయన గొంతులో అవి ఒక్కటీ నవ్వు పుట్టించలేదు.

"నీకు ఇవన్నీ జోకులు కదరా. మొదటి నెల్లోనే నాకు తెలిసిపోయింది. చదివీ చదవనట్టు సంతకాలు పెట్టుకుంటూ వచ్చాను. కాగితం మీద ఉన్నది ఎవరూ చూడరు. నువ్వు కమిటీ ముందు బొమ్మ కట్టి చూపించీసావు."

మూడో రోజు మరిది కొడుకొచ్చాడు. ఎర్రని కళ్ళూ, కోర మీసాలూ ఉంటాయనుకున్నాను. మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా, మావయ్యకి నమస్కారం పెట్టి, శ్రమ ఇచ్చామండీ అన్నాడు. ఆటో ఎక్కించి కాంప్లెక్సుకి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి పాతపట్నం బస్సు ఎక్కిస్తానన్నాడు. అప్ప గుడ్డల మూట పట్టుకుని వచ్చింది. చెల్లి పక్కనే నడిచింది గానీ దారి పొడుగునా ఒక్క మాట కూడా అరవలేదు. ఇంక దాచేదేముంది అనుకుందేమో. ఆమె తిట్టకపోవడంతో అప్ప వెళ్ళి గేటు స్తంభానికి కొట్టుకుంది. నుదురు రుద్దుకుంటూ, "ఏటే, నోరు పడిపోనాదేటే నీకు?" అని చెల్లి మీద కేకలేసింది. ఆటో కదిలాక చెల్లి నా దగ్గరికి వచ్చింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"పొద్దుట ఆ గోడ దానికి నేర్పినాను," అంది. "పన్నెండుసార్లు నడిపించినాను, అడుగులు లెక్కెట్టించినాను. దానికొక్క బహుమతొస్తే ఇంకెవులూ దాని కళ్ళేపు సూడరని. నువ్వు గోడే మార్సీసినావు బావూ."

నేను ఏదో అనబోయాను. నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది కదా. ఆమె వినడానికి ఆగలేదు. ఎండలు ముదరకముందే ఆ ఉద్యోగం మానేశాను. పెళ్ళిళ్ళలో మైకు పట్టుకోవడం ఆ వేసవిలోనే మొదలుపెట్టాను. పెళ్ళిలో ఎవరినైనా ఏడిపిస్తే వీడియోలోంచి కోసేస్తారు.

పోయిన ఏడాది అరసవల్లిలో ఒక ముహూర్తం ఒప్పుకుని, మధ్యలో ఖాళీ దొరికితే మిఠాయి పొట్లం పట్టుకుని ఆశ్రమానికి వెళ్ళాను. మావయ్య రిటైరై చాలా కాలమైంది. భవనానికి రంగులు, గోడల వెంట పట్టుకుని నడవడానికి ఇనప కమ్మీలు, మెట్ల పక్కన వాలుగా సిమెంటు బాట, ఇద్దరు నర్సులు. ఆ పాత నిబంధన తీసేశారట. ఇప్పుడు ఎవరినీ పంపరు, చూపు లేకపోయినా, మంచం దిగలేకపోయినా చివరిదాకా ఉంచుకుంటారట. ఒక నిబంధన తీయడానికి ఒక కలం గీత చాలు, అప్పుడు అది ఎందుకు గీయలేకపోయామో నాకిప్పటికీ తెలియదు. చేపల చెల్లి బతికే ఉంది. మంచం దిగదు. నా గొంతు పోల్చుకుంది. నేను అడగలేక అడగలేక అప్ప గురించి అడిగాను.

"ఆ వానాకాలమే పోనాది. నూతికాడికి ఎన్నడుగులో అక్కడ దానికి ఎవులు సెప్తారు?" అని అటు తిరిగి పడుకుంది.

వరండాలోకి వచ్చాను. నాకు తెలిసిన ముఖాలు రెండో మూడో, మిగతా అందరూ కొత్తవాళ్ళు. అయినా నా సంగతి ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చినట్టుంది. నన్ను చూసి గుసగుసలు పోయాయి, వరసగా అందరూ నిటారుగా కూర్చున్నారు. వాళ్ళని అలా చూస్తే, ఇక్కడ నిబంధన కాగితం మీంచి చెరిపేశారు గానీ మనుషుల్లోంచి చెరపడం మరిచిపోయారనిపించింది. మన చిన్నప్పుడు ముసలితనం అంటే పెద్దరికం. చిరాకు పడే హక్కూ, చేయి చాచి లేవదీయమనే హక్కూ దాంతో పాటే వచ్చేవి. అవి ఎప్పుడు పోయాయో, వాటి స్థానంలో ఈ పరీక్ష ఎప్పుడొచ్చిందో, పరీక్ష పెట్టిన వాళ్ళలో ఒకణ్ణయి ఉండి కూడా చెప్పలేను.

నేనున్నప్పుడు లేని ముసలాయన ఒకాయన, చేతికర్ర మంచం కిందకి కాలితో తోసేసి లేచాడు. ఏ కమ్మీనీ పట్టుకోకుండా, పళ్ళు బిగించి, నవ్వు ముఖం పెట్టుకుని, వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, నా ముందు ఆగాడు. మోకాళ్ళు గడగడలాడుతున్నాయి.

"బాగా నడుస్తన్నాను కదా బావూ?" అన్నాడు. "రాసుకో."

నా దగ్గర పుస్తకం లేదు. జేబులోంచి పెన్ను తీసి, బాగా నడుస్తున్నారు అని అరచేతిలో రాసి, ఆయనకి కనబడేలా పట్టుకున్నాను. ఆయన నిదానంగా చదువుకుని, తృప్తిగా తలాడించి, కూర్చోబెట్టమని నా భుజం పట్టుకున్నాడు.